ఇంట్లో సీఎన్‌సీ రౌటర్ కట్టాలంటే: ముందు ఫ్రేమ్ సంగతి చూడండి, కంట్రోలర్ సంగతి తర్వాత

మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. 600 × 900 మి.మీ. మేర పనిచేసే సీఎన్‌సీ రౌటర్, అంటే కంప్యూటర్ చెప్పినట్టు తిరిగే బిట్‌ను నడిపి చెక్కే యంత్రం, మీకు కావాలి. ఎక్కువగా ప్లైవుడ్, ఎండీఎఫ్, కొంత యాక్రిలిక్, 'అప్పుడప్పుడు అల్యూమినియం'. నాలుగు నీమా 17 స్టెప్పర్ మోటార్లు (స్టెప్పుల లెక్కన తిరిగేవి), 12 వోల్టుల పవర్ సప్లై, 8 మి.మీ. థ్రెడెడ్ రాడ్లు, 16 మి.మీ. స్మూత్ రాడ్లు ఇప్పటికే కొనేశారు. ఫ్రేమ్ 18 మి.మీ. ఎండీఎఫ్‌తో అనుకుంటున్నారు. 2.2 కిలోవాట్ల స్పిండిల్ (బిట్‌ను తిప్పే మోటారు) మీద కన్ను పడింది. ఇంత చెప్పి చివర్లో అడిగింది ఒక్కటే: కంట్రోలర్‌గా (మోటార్లకు ఆదేశాలిచ్చేది) ఆర్డ్యూనో అనే చిన్న బోర్డు మీద జీఆర్‌బీఎల్ ప్రోగ్రాం పెట్టాలా, పాత కంప్యూటర్‌లో మాక్ 3 సాఫ్ట్‌వేర్ పెట్టాలా అని.

ఏది పెట్టినా పర్వాలేదు. మీ లిస్టు మొత్తంలో మిమ్మల్ని ఇబ్బంది పెట్టనిది అదొక్కటే. మిగతా వాటి గురించి మాత్రం కాస్త వివరంగా చెప్పాలి.

నా మొదటి మెషీన్ కూడా దాదాపు ఇదే లిస్టుతో కట్టాను. గుండ్రంగా కొయ్యమంటే కోడిగుడ్డు ఆకారం కోసి ఇచ్చేది. రెండు వారాలు సాఫ్ట్‌వేర్‌తో కుస్తీ పట్టాను. స్టెప్పుల లెక్క మళ్లీ మళ్లీ సరిచూశాను, యూఎస్‌బీ కేబుల్ మార్చాను, వేగం తగ్గించాను. ఒకరోజు విసుగొచ్చి స్పిండిల్ ప్లగ్గు పీకేసి, మోటార్లకు మాత్రం కరెంటు ఉంచి, బిట్ ఉండాల్సిన చోట బిగించిన గుండ్రటి కడ్డీని బొటనవేలితో పక్కకు నొక్కాను. అవతల పెట్టిన డయల్ గేజ్ (సన్నటి కదలికను కొలిచే పరికరం) ముల్లు అర మిల్లీమీటరు కదిలింది. వేలు తీస్తే మళ్లీ మొదటికి వచ్చింది. మోటారు ఒక్క స్టెప్పు కూడా తప్పలేదు. కంప్యూటరు ఎక్కడ ఉండమందో స్క్రూ మీద నడిచే నట్టు అక్కడే ఉంది. నట్టుకీ బిట్టుకీ మధ్య ఉన్నదంతా స్ప్రింగులా ఊగుతోంది, అంతే. అప్పటి నుంచి ఎవరి మెషీన్ చూసినా నేను మొదట చేసేది ఆ వేలి పరీక్షే.

విరగకపోవడం వేరు, వంగకపోవడం వేరు. మీ ఎండీఎఫ్ ఫ్రేమ్ మీద మనిషి ఎక్కి నిలబడినా విరగదు, నిజమే. కానీ సీఎన్‌సీకి కావలసింది వంగకపోవడం. స్టీలుతో పోలిస్తే ఎండీఎఫ్‌కి ఆ గుణం సుమారు యాభయ్యో వంతు. అల్యూమినియానికి స్టీలులో మూడో వంతు. పైగా ఎండీఎఫ్ తేమ పీలుస్తుంది, ఉబ్బుతుంది. వానాకాలంలో మూలమట్టం పెట్టి సరిచేసుకున్న మూల ఎండాకాలానికి అలాగే ఉంటుందన్న నమ్మకం లేదు. బెడ్ మీద పరిచే బలి పలకగా (ముక్క కింద ఉండి బిట్ కోతలు తాను భరించేది) దాన్ని మించింది లేదు గానీ, గ్యాంట్రీకి, అంటే బెడ్‌కి అడ్డంగా స్పిండిల్‌ను మోసే దూలానికి, వద్దు.

ఇప్పుడు మీ 16 మి.మీ. రాడ్ల లెక్క చూద్దాం. గ్యాంట్రీ మీద రెండు రాడ్లు, రెండు చివర్లా ఆనుకుని ఉన్నాయి, మధ్యలో ఆధారం లేని పొడవు 700 మి.మీ. స్పిండిల్, దాని బిగింపు కలిపి 5 కిలోలు అనుకుందాం. అది మధ్యలోకి వచ్చేసరికి రాడ్లు పావు మిల్లీమీటరు పైనే కిందికి వంగుతాయి. ఇంకా కటింగ్ మొదలే కాలేదు, ఇది ఉత్త బరువు మాత్రమే. బెడ్ చివర్లలో సరిగ్గా పడిన లోతు మధ్యలో పావు మిల్లీమీటరు ఎక్కువ పడుతుంది. పేరు చెక్కితే మధ్య అక్షరాలు లావుగా వస్తాయి.

అదే చోట 60 × 60 మి.మీ. చదరపు స్టీలు గొట్టం, 3 మి.మీ. మందంది, ఒక్కటి పెట్టండి. అదే 5 కిలోలకు అది వంగేది 0.005 మి.మీ. అంటే మీ రెండు రాడ్ల కంటే యాభై రెట్లకు పైగా గట్టిది. బరువు చూస్తే రెండింతలు కూడా కాదు: రాడ్లు రెండూ కలిపి మీటరుకు 3 కిలోల చిల్లర, గొట్టం 5 కిలోల చిల్లర. లోహం మధ్యలో ముద్దగా ఉంటే లాభం లేదు, వంగే దిశలో ఎంత దూరంగా ఉంటే అంత పని చేస్తుంది. కిటుకు అంతా అదే.

గుర్తుంచుకోవలసిన సూత్రం ఒకటుంది. ఆధారం లేని పొడవు రెండింతలైతే వంపు ఎనిమిదింతలవుతుంది. ఇది గ్యాంట్రీకీ వర్తిస్తుంది, జడ్ యాక్సిస్ (స్పిండిల్‌ను పైకీ కిందికీ నడిపే భాగం) వేలాడే పొడవుకీ వర్తిస్తుంది, చివరికి కొలెట్ (బిట్‌ను పట్టుకునే బిగింపు) బయట పొడుచుకొచ్చిన బిట్టుకీ వర్తిస్తుంది. అందుకే 600 × 900 అనే కొలత మీద మీరు ఇంకోసారి ఆలోచించాలి. ఆ సైజు పలక మీరు నెలకు ఎన్నిసార్లు కోస్తారు? అడిగిన చాలామంది చివరికి ఒప్పుకున్నది ఏమిటంటే, నూటికి తొంభై పనులు 400 × 400లో సరిపోతాయని. గ్యాంట్రీ వెడల్పు 700 నుంచి 500కి తగ్గిస్తే వంపు దాదాపు మూడో వంతుకు పడిపోతుంది. దానికి ఖర్చు పెరగదు సరికదా, తగ్గుతుంది. పొడవాటి పలకలు కావాలంటే వై వైపు, అంటే గ్యాంట్రీ ముందుకూ వెనక్కూ నడిచే దిశలో, పొడవు పెంచుకోండి. అక్కడ రైలు కింద ఆసాంతం ఆధారం ఉంటుంది కాబట్టి ఇబ్బంది లేదు.

గ్యాంట్రీ ఎత్తు కూడా అంతే. 'ఏమో, ఎప్పుడైనా మందమైన దిమ్మ పెట్టాల్సి వస్తే' అని 150 మి.మీ. ఎత్తు ఉంచుతారు. బిట్ కొసకు, గ్యాంట్రీ దూలానికి మధ్య దూరం పెరిగేకొద్దీ కోత బలం దూలాన్ని మెలిపెడుతుంది. మూసి ఉన్న గొట్టం మెలికను బాగా ఆపుతుంది. ఒకవైపు తెరిచి ఉన్న సీ ఆకారపు చానల్ ఆపలేదు. 70, 80 మి.మీ. చాలు.

స్టీలు అనగానే వెల్డింగ్ అనుకోకండి. వెల్డింగ్ వేడికి గొట్టం లాగేస్తుంది, మీరు కట్టిన లంబకోణం చల్లారేసరికి ఇంకేదో కోణం అయి ఉంటుంది. బోల్టులతో బిగించండి. తర్వాత సర్దుకోవచ్చు, విప్పొచ్చు. ప్రింట్‌ఎన్‌సీ అనే ఓపెన్ డిజైన్ ఒకటుంది, స్టీలు గొట్టాలు, బోల్టులు, 3డీ ప్రింట్ చేసిన భాగాలతో కట్టేది. దాన్నే కట్టమని కాదు గానీ డ్రాయింగులు ఒకసారి చూడండి, సందేహాలు సగం తీరిపోతాయి. స్టీలు కోసే వీలు లేకపోతే పెద్ద సైజు అల్యూమినియం ఎక్స్‌ట్రూజన్ (పొడవునా గాడులతో వచ్చే కడ్డీ) వాడండి. నిటారుగా వస్తుంది, గాడుల్లో టీ నట్లు వేసి ఎక్కడంటే అక్కడ బిగించుకోవచ్చు. 20 × 20 సైజుది మాత్రం వద్దు, అది షెల్ఫులకు.

రైళ్ల దగ్గర నా అభిప్రాయం సూటిగా చెప్తాను. రెండు చివర్లా మాత్రమే పట్టిన స్మూత్ రాడ్లు 3డీ ప్రింటరుకు సరే, రౌటర్‌కు కాదు. కింద అల్యూమినియం ఆధారం ఉండే ఎస్‌బీఆర్ రకం గుండ్రటి రైళ్లు కొంత నయం. వాటి బేరింగులు కింద తెరిచి ఉంటాయి కాబట్టి పైకి లాగే బలానికి కాస్త లొంగుతాయి. వీలైతే 15 మి.మీ. చదరపు లీనియర్ రైళ్లు తీసుకోండి. ఒక మాట: ఆ రైళ్లు తమంతట తాము నిటారుగా ఉండవు, ఏ తలం మీద బిగిస్తే ఆ తలం వంపు తిరుగుతాయి. ముందు ఒక రైలును నిటారు పట్టీకి ఆనించి గట్టిగా బిగించండి. రెండో రైలు బోల్టులు వదులుగా ఉంచి గ్యాంట్రీని ఆ చివరి నుంచి ఈ చివరికి తోస్తూ, బండి ఎక్కడుందో అక్కడి బోల్టు బిగిస్తూ రండి. రెండో రైలు తన చోటు తనే వెతుక్కుంటుంది. రెండింటినీ విడివిడిగా కొలిచి బిగించారనుకోండి, మధ్యలో ఎక్కడో పట్టేస్తుంది. మోటారుకు బలం చాలట్లేదని మీరు మోటారు మారుస్తారు.

థ్రెడెడ్ రాడ్ల సంగతి. 8 మి.మీ. రాడ్‌కి ఒక చుట్టుకు నడక 1.25 మి.మీ. ఎండీఎఫ్ కోతకు నిమిషానికి 1800 మి.మీ. ఫీడ్ (బిట్ ముందుకు జరిగే వేగం) మామూలు విషయం. అంటే ఆ రాడ్ నిమిషానికి 1440 చుట్లు తిరగాలి. 900 మి.మీ. పొడవున్న సన్నటి రాడ్ ఆ వేగంలో తాడాట తాడులా ఎగురుతుంది. పైగా అవి బిగింపుకు చేసినవి, నడకకు చేసినవి కావు. మరలు గరుకుగా ఉంటాయి, నట్టు త్వరగా అరిగి లూజు పడుతుంది. అదే 16 మి.మీ. బాల్ స్క్రూ (నట్టులో గోళీల మీద నడిచే స్క్రూ), చుట్టుకు 5 మి.మీ. నడిచేది అయితే, అదే ఫీడ్‌కు 360 చుట్లు చాలు. దానికి ఒక చివర బీకే 12, రెండో చివర బీఎఫ్ 12 బేరింగ్ దిమ్మలు పెట్టండి. స్క్రూ మీద పడే తోపుడు బీకే దిమ్మ మోయాలి, మోటారు షాఫ్టు కాదు. స్ప్రింగులా గాడి కోసిన అల్యూమినియం కప్లింగులు చవక, కానీ మెలి తిరుగుతాయి. బేరింగ్ దిమ్మ లేని చోట పొడవుగా సాగుతాయి కూడా. మధ్యలో రబ్బరు ముక్క ఉండే రకం తీసుకోండి.

బాల్ స్క్రూకి ఒక దుర్గుణం: తనంతట తాను ఆగదు. కరెంటు పోగానే బరువైన స్పిండిల్ జడ్ యాక్సిస్ మీద కిందికి జారి బిట్టును చెక్కలో గుచ్చుతుంది. నాలుగు మరలు పక్కపక్కన చుట్టిన, చుట్టుకు 8 మి.మీ. నడిచే లీడ్ స్క్రూ కూడా అంతే. జడ్‌కి సన్న నడక ఉన్న స్క్రూ వేయడమో, గ్యాస్ స్ట్రట్‌తో ఆ బరువును ఎత్తిపట్టడమో చేయండి. ఏదీ కాకపోతే ఆపేముందు కింద చెక్క ముక్క ఒకటి పెట్టడం అలవాటు చేసుకోండి. నేను ఇప్పటికీ చెక్క ముక్కే పెడుతున్నాను.

మోటార్ల విషయంలో ఒక అపోహ ఉంది. నీమా 17, నీమా 23 అనేవి బలం చెప్పే అంకెలు కావు. ముఖం ఎంత వెడల్పో చెప్పేవి: 1.7 అంగుళాలు, 2.3 అంగుళాలు, అంతే. పొట్టి నీమా 23 కంటే పొడుగు నీమా 17 బలంగా ఉండొచ్చు. అయినా మీ సైజు మెషీన్‌కి 2 న్యూటన్ మీటర్ల చుట్టుపక్కల ఉన్న నీమా 23 మోటార్లు సరైనవి. అసలు అడ్డు మీ 12 వోల్టులు. స్టెప్పర్ మోటారు నిలబడి ఉన్నప్పుడు చూపే బలం తిరిగేటప్పుడు చూపదు. వేగం పెరిగేకొద్దీ కాయిల్‌లోకి కరెంటు ఎక్కే సమయం చాలదు. వోల్టేజీ ఎక్కువుంటే కరెంటు త్వరగా ఎక్కుతుంది. అందుకే 36 వోల్టులు, దాన్ని మోయగల డీఎం 542 లాంటి డ్రైవర్లు (మోటారుకు కరెంటు పంపే పెట్టెలు) కావాలి. నాలుగు మోటార్లు, ఒక్కోటి 3 ఆంపియర్లు అంటే 12 ఆంపియర్ల సప్లై కావాలనేం లేదు. ఈ డ్రైవర్లు సప్లై నుంచి మొత్తంలో మూడింట రెండు వంతులకు మించి లాగవు. 36 వోల్టుల 350 వాట్ల సప్లై సరిపోతుంది. డ్రైవరుకు కరెంటు ఉండగా మోటారు వైరు మాత్రం ఎప్పుడూ పీకకండి, డ్రైవర్ అక్కడికక్కడే పోతుంది. నాకు రెండు పోయాయి. రెండోది పోయినప్పుడు మొదటిది ఎందుకు పోయిందో అర్థమైంది.

ఇక 2.2 కిలోవాట్ల స్పిండిల్. 3 మి.మీ. బిట్టుతో, 0.3 మి.మీ. లోతున, నిమిషానికి 500 మి.మీ. వేగంతో అల్యూమినియం కోస్తే ఊడే లోహం నిమిషానికి 450 ఘన మిల్లీమీటర్లు. దాన్ని ఊడదీయడానికి పట్టే శక్తి 10 వాట్ల చుట్టుపక్కలే. మీ మెషీన్‌కి కొరత శక్తి కాదు. 2.2 కిలోవాట్లు వాడుకోగలిగే ఫ్రేమ్ మీ దగ్గర ఉంటే ఈ ప్రశ్న అడిగేవారే కాదు. మొదట చేతి ట్రిమ్ రౌటర్ ఒకటి బిగించండి. 2 కిలోల లోపే ఉంటుంది. గోల ఎక్కువ, బ్రష్‌లు అరుగుతాయి, అయినా మొదటి ఏడాదికి చాలు. తర్వాత 800 వాట్లదో 1.5 కిలోవాట్లదో వీఎఫ్‌డీ (కరెంటు ఫ్రీక్వెన్సీ మార్చి వేగం మార్చే పెట్టె)తో నడిచే స్పిండిల్‌కి మారొచ్చు. ఆ స్పిండిళ్లు 400 హెర్ట్జ్ దగ్గర 24,000 ఆర్‌పీఎం తిరిగేవి. కొత్త వీఎఫ్‌డీని స్పిండిల్ ప్లేటు మీదున్న అంకెలకు సెట్ చేయకుండా నేరుగా ఆన్ చేస్తే కాయిల్ కాలిపోతుంది. మాన్యువల్ ముందేసుకుని ఒక్కో పారామీటర్ చూసి పెట్టండి, టెన్షన్ పడాల్సిన పనేం లేదు.

కొలెట్ గురించి ఎవరూ చెప్పరు, అందరూ తప్పు చేస్తారు. ఈఆర్ కొలెట్‌ను ముందు నట్టులోకి, కాస్త వాల్చి, టక్కుమని శబ్దం వచ్చేలా ఎక్కించాలి. ఆ తర్వాతే నట్టును స్పిండిల్‌కి తిప్పి, బిట్ పెట్టి బిగించాలి. కొలెట్‌ను నేరుగా స్పిండిల్‌లో పడేసి మీద నట్టు బిగిస్తే బిట్ పక్కకు ఊగుతూ తిరుగుతుంది, విప్పేటప్పుడు కొలెట్ లోపలే ఉండిపోతుంది. 6 మి.మీ. కొలెట్‌లో అంగుళంలో పావు, అంటే 6.35 మి.మీ. బిట్ బలవంతంగా దూర్చకండి. బిట్ ఎంత తక్కువ బయటికి ఉంటే అంత మంచిది. ఇందాకటి సూత్రమే: 10 మి.మీ. బయటికి ఉన్నదాన్ని 20 చేస్తే ఎనిమిదింతలు వంగుతుంది. లావు విషయంలో ఇంకా తేడా, 3 మి.మీ. బిట్టుకంటే 6 మి.మీ. బిట్ పదహారు రెట్లు గట్టిది. పనికి సరిపోయే వాటిలో అన్నిటికంటే లావుది, అన్నిటికంటే పొట్టిది వాడండి.

ఇప్పుడు మీరు అడిగిన కంట్రోలర్. ఆర్డ్యూనో యూనో మీద జీఆర్‌బీఎల్ సెకనుకు సుమారు 30,000 స్టెప్పులు ఇవ్వగలదు. మోటారు చుట్టుకు 200 స్టెప్పులు, డ్రైవర్‌లో ఎనిమిదో వంతు మైక్రోస్టెప్ (ఒక్కో స్టెప్పును ఎనిమిది ముక్కలు చేయడం), 5 మి.మీ. స్క్రూ: అంటే మిల్లీమీటరుకు 320 స్టెప్పులు. నిమిషానికి 4000 మి.మీ. పరుగుకు సెకనుకు 21,000 పైచిలుకు. సరిపోయింది. మైక్రోస్టెప్ పదహారో వంతుకు మార్చారనుకోండి, అదే వేగానికి 42,000 దాటుతుంది, యూనో చేతులెత్తేస్తుంది. మైక్రోస్టెప్ పెంచితే ఖచ్చితత్వం పెరుగుతుందనేది ఎలాగూ భ్రమే, కొంచెం నునుపు పెరుగుతుంది అంతే. కొత్తగా కొనేట్టయితే ఈఎస్‌పీ 32 అనే చిప్ మీద నడిచే ఫ్లూయిడ్‌ఎన్‌సీ బోర్డు తీసుకోండి. అది వేగమైనది, సెట్టింగులు ఫైలులో రాసుకోవచ్చు, గ్యాంట్రీకి రెండువైపులా ఉన్న మోటార్లను విడివిడిగా హోమ్ చేస్తుంది, అంటే మొదలుపెట్టే స్థానానికి తెస్తుంది. మాక్ 3 కోసం ప్యారలల్ పోర్టు ఉన్న పాత కంప్యూటరు వెతకడం ఈరోజుల్లో శ్రమ దండగ. లినక్స్‌సీఎన్‌సీ మంచిదే, కానీ మొదటి మెషీన్‌తో పాటు రియల్‌టైమ్ కెర్నల్ కూడా నేర్చుకోవాలా అన్నది మీ ఓపిక.

వైరింగ్ మాత్రం నన్ను ఏడిపించింది. వీఎఫ్‌డీ స్పిండిల్ పెట్టాక మెషీన్ గాల్లో కదిలినంతసేపు బానే ఉండేది, స్పిండిల్ ఆన్ కాగానే ఏ స్విచ్చూ తగలకుండానే 'లిమిట్ తగిలింది' అని ఆగిపోయేది. ఒక్కోసారి యూఎస్‌బీ తెగిపోయేది. బోర్డు తప్పనుకుని బోర్డు మార్చాను, మళ్లీ అదే. కారణం ఏమిటంటే స్పిండిల్ కేబుల్, లిమిట్ స్విచ్ (మెషీన్ చివరికి చేరిందని చెప్పే స్విచ్చు) వైర్లు కేబుళ్లు మోసే ఒకే చెయిన్‌లో పక్కపక్కనే ఒక మీటరు దూరం ప్రయాణం చేస్తున్నాయి. స్పిండిల్‌కి షీల్డ్ ఉన్న కేబుల్ వేసి, షీల్డును వీఎఫ్‌డీ దగ్గర ఎర్త్ చేసి, లిమిట్ వైర్లను పురిపెట్టి వేరే దారిలో తెచ్చి, బోర్డు దగ్గర ఆప్టోకప్లర్లు (సిగ్నల్‌ను వెలుతురు ద్వారా దాటించేవి) పెట్టాక మళ్లీ ఆ గొడవ రాలేదు. స్పిండిల్ ఒంటికి, ఫ్రేమ్‌కి ఎర్త్ వైరు తప్పనిసరి. ఇది సిగ్నల్ కోసం మాత్రమే కాదు, ప్రాణం కోసం. కొన్ని చవక స్పిండిళ్లలో నాలుగో పిన్ను లోపల దేనికీ కలిపి ఉండదు. మీటర్ పెట్టి చూశాకే నమ్మండి.

లిమిట్ స్విచ్చులు, ఎమర్జెన్సీ బటన్ రెండూ మామూలుగా మూసి ఉండే రకంగా కలపండి. వైరు తెగినా, కనెక్టర్ ఊడినా మెషీన్ ఆగుతుంది. తెరిచి ఉండే రకంగా కలిపితే వైరు తెగిన సంగతి మీకు బటన్ నొక్కాల్సిన రోజే తెలుస్తుంది. ఎమర్జెన్సీ బటన్ సాఫ్ట్‌వేర్‌కి 'దయచేసి ఆగు' అని చెప్పేది కాకూడదు. కాంటాక్టర్ (పెద్ద కరెంటును తెంచే స్విచ్చు) ద్వారా స్పిండిల్‌కి, డ్రైవర్లకి కరెంటు కోసేయాలి. అది గ్యాంట్రీ మీద కాదు, మీరు నిలబడే చోట ఉండాలి. మెయిన్స్ కరెంటు వైరింగ్‌లో అనుమానం ఉంటే తెలిసిన ఎలక్ట్రీషియన్‌తో చేయించుకోండి.

దుమ్ము గురించి ఎవరూ పట్టించుకోరు, అందుకే చెప్తున్నాను. చెక్క పొడిని క్యాన్సర్ కారకాల మొదటి వర్గంలో చేర్చారు. ఎండీఎఫ్ పొడి మరీ సన్నం, రెజిన్‌తో కలిసి ఉంటుంది. స్పిండిల్ చుట్టూ బ్రష్ ఉన్న డస్ట్ షూ, దానికి వ్యాక్యూమ్, మధ్యలో సైక్లోన్ డబ్బా (పొడిని ముందే వేరుచేసేది) పెట్టండి. సైక్లోన్ లేకపోతే వ్యాక్యూమ్ ఫిల్టర్ పది నిమిషాల్లో మూసుకుపోతుంది. మాస్క్ అదనం, దానికి బదులు కాదు. కళ్లద్దాలు ఎప్పుడూ ఉండాలి, తిరిగే బిట్ దగ్గర చేతి తొడుగులు ఎప్పుడూ ఉండకూడదు. ఇంకొకటి, మెషీన్ నడుస్తుండగా గదిలోంచి వెళ్లకండి. ముక్క జరిగి బిట్ ఒకేచోట రాసుకుంటే నిప్పు రాజుకుంటుంది. ఆ నిప్పురవ్వను వ్యాక్యూమ్ నేరుగా పొడి డబ్బాలోకి పీల్చుకుంటుంది. మంటలార్పే సిలిండర్ తలుపు పక్కన పెట్టుకోండి.

ఫీడ్ లెక్క సులువు: ఆర్‌పీఎం × బిట్ అంచుల సంఖ్య × ఒక్కో అంచు కొరికే మందం. ఎండీఎఫ్‌కి 18,000 × 2 × 0.05 అంటే నిమిషానికి 1800 మి.మీ. కొత్తవాళ్లు భయపడి ఫీడ్ 300కి తగ్గిస్తారు. అప్పుడు అంచు కొరకదు, రాసుకుంటుంది. రాపిడికి వేడెక్కి చెక్క నల్లబడుతుంది, బిట్ మొండిదవుతుంది. భయంగా ఉంటే లోతు తగ్గించండి, ఫీడ్ తగ్గించకండి. ఫీడ్ తగ్గించక తప్పకపోతే ఆర్‌పీఎం కూడా తగ్గించండి. చెక్క నుంచి రావలసింది పొట్టు, పిండి కాదు. యాక్రిలిక్‌కి ఒకే అంచు ఉన్న బిట్ వాడండి, పోత పోసిన రకం షీటు కొనండి. సాగదీసి చేసిన రకం కరిగి బిట్టుకు చుట్టుకుంటుంది.

అల్యూమినియం మీ పరీక్షా పత్రం. 6061 లాంటి గట్టి రకం అయితే శుభ్రంగా చిట్లుతుంది, మెత్తటి రకం జిగురులా అంటుకుంటుంది. ఒకే అంచు బిట్, 3 లేదా 4 మి.మీ. లావు, 18,000 ఆర్‌పీఎం, నిమిషానికి 400, 500 మి.మీ., లోతు 0.2తో మొదలుపెట్టండి. గాలి ఊదుతూ ఊడిన పెచ్చును ఎప్పటికప్పుడు బయటికి తోసేయాలి. ఊడిన పెచ్చు మళ్లీ బిట్ కిందికి వస్తే కథ అక్కడితో సరి. కీచుమని గోల చేస్తే ఏదో ఊగుతోందని అర్థం. అప్పుడు వేలి పరీక్ష మళ్లీ చేసి ఊగేదేదో కనుక్కోండి. స్క్రూలో లూజు ఉన్న మెషీన్ మీద క్లైంబ్ పద్ధతిలో (ప్రతి అంచు మందంగా కొరకడం మొదలుపెట్టి సన్నగా ముగించే దిశలో) కోస్తే బిట్ ముక్కను తనవైపు లాక్కుని విరుగుతుంది. లూజు పోయేదాకా ఎదురు పద్ధతిలోనే కోయండి.

ముక్క బిగింపుకు ఎన్నో దారులు. నాకు నచ్చింది: బెడ్ మీద ఒక పెయింటర్ టేపు, ముక్క వెనక ఒక పెయింటర్ టేపు, మధ్యలో సూపర్ గ్లూ. చదునైన ముక్కల్ని కదలనివ్వదు, ఊడదీస్తే మరక ఉండదు. డిజైన్ సాఫ్ట్‌వేర్‌కి ఫ్రీక్యాడ్ చాలు. జీకోడ్ (మెషీన్‌కి ఇచ్చే కదలికల ఆదేశాలు) పంపడానికి యూనివర్సల్ జీకోడ్ సెండర్ చాలు. వీటి మీద వారాలు పోగొట్టుకోకండి.

కొన్నవాటిని ఏం చేయాలని మీరు అడగలేదు గానీ, అడుగుతారు. పారేయకండి. ఆ మోటార్లు, 12 వోల్టులు, స్మూత్ రాడ్లతో 300 × 300 పెన్ ప్లాటర్ (పెన్నుతో బొమ్మలు గీసే మెషీన్) కట్టండి. ఎండీఎఫ్ ఫ్రేమ్ దానికి బంగారంలా సరిపోతుంది. రెండు వారాంతాల పని. హోమింగ్, లిమిట్ స్విచ్చులు, స్టెప్పుల లెక్క, జీకోడ్ అన్నీ దాని మీదే నేర్చుకోవచ్చు. తప్పు చేస్తే ఒక కాగితం పోతుంది. ఈలోగా స్టీలు గొట్టాలు, రైళ్లు సమకూర్చుకోండి. కంట్రోలర్ దాని నుంచి విప్పి దీనికి పెట్టుకోవచ్చు.

పెద్ద మెషీన్ నిలబడ్డాక కూడా మొదట స్పిండిల్ పెట్టొద్దు. బిగింపులో పెన్నే పెట్టి, బెడ్ మీద కాగితం అతికించి, 600 × 800 మి.మీ. దీర్ఘచతురస్రం గీయించండి. పని జరిగే చోటు తగ్గించుకుని ఉంటే 300 × 400 చాలు. మూలలు సరిగ్గా ఉంటే కర్ణాలు రెండూ 1000 మి.మీ. రావాలి, చిన్నదానికైతే 500. రెండు కర్ణాలూ సమానంగా వచ్చి అంకె మాత్రం తేడాగా ఉంటే అది స్టెప్పుల లెక్క. ఒకటి పొడుగు, ఒకటి పొట్టి అయితే గ్యాంట్రీ ఓరగా ఉంది, ఒకవైపు హోమ్ స్విచ్చును కాస్త జరపాలి. ఆ తర్వాత వేలి పరీక్ష చేసి గేజ్ ఎంత చూపిందో రాసుకోండి. కర్ణాలు రెండు, గేజ్ అంకె ఒకటి, మొత్తం మూడు అంకెలు నాకు చెప్పండి. ఏ స్పిండిల్ కొనాలో అప్పుడు మాట్లాడుకుందాం.